ఉప్పుగాలిలో కార్బన్ పని

కర్పూరం కరిగేది 175 డిగ్రీల దగ్గర. కానీ అది అంతదాకా ఆగదు, కరగకుండానే ఆవిరైపోతుంది. హారతి పళ్ళెంలో అందరం చూసిన ఈ గుణమే, 2000ల మొదట్లో విశాఖలో నానోట్యూబుల (కార్బన్ పరమాణువులతో అల్లిన అతిసన్నని గొట్టాల) పని మొదలుపెట్టిన వాళ్ళకి పెద్ద ఆసరా అయింది. కార్బన్ కోసం మీథేన్ సిలిండరుకి కొటేషన్లు పిలిచి, రెగ్యులేటరు కొని, ఫ్లో మీటరు తెప్పించుకునేలోపు ఆర్థిక సంవత్సరం అయిపోయేది. కర్పూరానికి అవేవీ అక్కర్లేదు. నగోయాలోని మెయిజో విశ్వవిద్యాలయంలో ముకుల్ కుమార్, యొషినోరి ఆండో కర్పూరం నుంచి నానోట్యూబులు చేసి చూపించారు కాబట్టి, ఇది నాటు పద్ధతి అని ఎవరూ తీసిపారేయలేని పరిస్థితి కూడా ఉండేది.

మా ల్యాబు నడిపిన సారు విశాఖలో ఎలక్ట్రానిక్స్ విభాగంలో చేరింది సిలికాన్ డివైసుల పాఠం చెప్పడానికి. రిటైరయ్యే నాటికి ఆయన ల్యాబులో కర్పూరం, గ్రాఫైట్, రాగిరేకు, గ్రాఫీన్ ఆక్సైడు అన్నీ ఒక్కో దశ నడిచాయి. గ్రాఫీన్ అంటే ఒకే పరమాణువు మందమున్న కార్బన్ పొర. ఆ పద్ధతులు పేపర్లలో రెండు వాక్యాలకి మించి ఉండవు. గుర్తున్నంతవరకు వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

సుమియో ఇజీమా పేపరు వచ్చింది 1991లో. ఆర్క్ డిశ్చార్జి మసిలో ఒకదానిలో ఒకటి అమరిన కార్బన్ గొట్టాలు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద కనిపించాయి. 1993లో ఒకే పొర గొట్టాలు వచ్చాయి. రష్యాలో రాదుష్కెవిచ్, లుక్యానొవిచ్ అలాంటి బోలు తీగల ఫొటోలు 1952లోనే అచ్చువేశారన్నది చాలామందికి తర్వాత తెలిసిన సంగతి. ఎలక్ట్రానిక్స్ వాళ్ళని కదిలించింది మాత్రం 1998. నెదర్లాండ్స్‌లో డెల్ఫ్ట్ నుంచి డెకర్ బృందం, అమెరికాలో ఐబీఎం నుంచి అవూరిస్ బృందం అదే ఏడాది ఒక్క నానోట్యూబుతో ట్రాన్సిస్టరు చేశారు. సిలికాన్ పాఠం చెప్పే మనిషి కర్పూరం కొనడానికి వెళ్ళిన కారణం అది.

ఫర్నేసులో పెట్టే క్వార్ట్జ్ గొట్టానికి రెండు జోన్లు. గ్యాస్ వచ్చే వైపు మొదటి జోను 200 డిగ్రీలు, రెండోది 850. మొదటి జోనులో సిరామిక్ పడవలో కర్పూరం, ఫెర్రోసీన్ కలిపి పెడతాం. ఫెర్రోసీన్ బరువు కర్పూరంలో ఐదో వంతుకి మించకూడదు. ఫెర్రోసీన్ విడిపోయి ఇనుము రేణువులు ఇస్తుంది, ఆ రేణువు మీదే నానోట్యూబు పెరుగుతుంది. ఇనుము ఎక్కువైతే రేణువులు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవై, నానోట్యూబులకి బదులు కార్బన్ తొడుగు వేసుకున్న ఇనుప గుళ్ళు మిగులుతాయి. అయస్కాంతం దగ్గర పెట్టగానే పొడి అంతా లేచి అంటుకుందంటే ఆ బ్యాచి పోయినట్టే. కర్పూరం అణువులో ఒక ఆక్సిజన్ ఉంది. అది అక్కడికక్కడే పనికిరాని మసిని కొంత కాల్చేస్తుందని, అందుకే పెరిగిన పొడి శుభ్రంగా ఉంటుందని చెబుతారు. కొట్లో బిళ్ళల కర్పూరంలో ఏమేం కలిపారో తెలియదు కాబట్టి పూజ సామాను వీధి వదిలేసి రసాయనాల డీలరు దగ్గరే కొనాలి. ఒక రకం బిళ్ళ కాలాక పళ్ళెంలో మరక మిగులుతుంది చూడండి, అది క్వార్ట్జ్ గొట్టంలో కూడా మిగులుతుంది.

వేడి ఎక్కించే ముందు, దేనితోనూ కలవని ఆర్గాన్ వాయువుని అరగంట తోలాలి. గొట్టంలో గాలి మిగిలితే 850 దగ్గర పెరిగిన కార్బన్ పెరిగినట్టే కాలిపోతుంది. బయటికి పోయే చివర నూనె సీసా పెట్టి బుడగలు చూసుకోవడం మామూలు. అసలు చిక్కు చల్లారేటప్పుడు వస్తుంది. ఫర్నేసు ఆపగానే లోపలి వాయువు కుంచించుకుంటుంది, ఆర్గాన్ ప్రవాహం తక్కువగా ఉంటే నూనె వెనక్కి లాక్కుపోయి ఎర్రగా ఉన్న క్వార్ట్జ్ మీద పడుతుంది. దానికి మందు ఒక ఖాళీ సీసా. గొట్టానికీ నూనె సీసాకీ మధ్య అంతకంటే పెద్ద ఖాళీ సీసా బిగిస్తే, వెనక్కి వచ్చిన నూనె అందులో ఆగిపోతుంది. 200 డిగ్రీల కిందికి దిగేదాకా ఆర్గాన్ కట్టకూడదు. విశాఖలో కరెంటు పోయేది సాయంత్రం గాలివానకి. ఫర్నేసుకి యూపీఎస్ పెట్టే స్తోమత లేదు కానీ, ఆర్గాన్‌కి కరెంటుతో పని లేని సూది వాల్వూ ప్రవాహం చూపే గాజు రోటామీటరూ ఉంచుకుంటే గొడవ ఉండదు. డిజిటల్ ఫ్లో కంట్రోలర్లు చాలా రకాలు కరెంటు పోగానే మూసుకుపోతాయి.

క్వార్ట్జ్ గొట్టాన్ని ఒట్టి చేత్తో ముట్టుకోవద్దని ప్రతి విద్యార్థి బ్యాచ్‌కీ చెప్పాల్సి వచ్చేది. చెమటలో ఉప్పు ఉంది. వెయ్యి డిగ్రీల దగ్గర ఆ సోడియం తగిలినచోట గాజు స్ఫటికంగా మారి తెల్లగా మసకబారుతుంది, చల్లారేటప్పుడు అక్కడి నుంచే పగులుతుంది. మే నెలలో ఏసీ లేని గదిలో పనిచేసేవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, గ్లవుజులతోనే ఎక్కించాలి. గొట్టం మీద వేలిముద్ర మరకగా శాశ్వతంగా ఉండిపోవడం, ఎవరి వేలో తెలియకపోవడం ప్రతి ల్యాబులోనూ ఉన్నదే.

ఫర్నేసు డిస్‌ప్లే చూపేది హీటరు దగ్గరి ఉష్ణోగ్రత, గొట్టం లోపలిది కాదు. పైగా ఉష్ణోగ్రత కొలిచే కే-రకం థర్మోకపుల్ వెయ్యి డిగ్రీల దగ్గర నెలల తరబడి ఉంటే అంకె పక్కకి జారుతుంది. దీన్ని పట్టుకోవడానికి లోహాల ద్రవీభవన స్థానాలే చవకైన కొలబద్ద. స్వచ్ఛమైన వెండి 961.8 డిగ్రీల దగ్గర, బంగారం 1064 దగ్గర, రాగి 1085 దగ్గర కరుగుతాయి. వెండి ముక్కని చిన్న అల్యూమినా పళ్ళెంలో గొట్టం మధ్యలో పెట్టి, ఐదేసి డిగ్రీలు పెంచుతూ, ప్రతి మెట్టులో పావుగంట ఆగి, టార్చి వేసి చూస్తే సరి. వెండి గుండ్రని బొట్టు అయిన అంకె రాసుకోవాలి. వెండి కోసం కురుపాం మార్కెట్ దాకా వెళితే చాలు, కానీ నగ ముక్క అడగకూడదు. పట్టీలు, గొలుసుల వెండిలో రాగి కలుస్తుంది, అది 961 కంటే చాలా ముందే మెత్తబడుతుంది. కలపని మేలిమి వెండి ఒక గ్రాము అడిగి తెచ్చుకోవాలి. ఇంత శ్రమ ఎందుకంటే తర్వాత రాగిరేకు రోజులు వచ్చాయి. గ్రాఫీన్ పెరగాల్సింది 1000 నుంచి 1035 డిగ్రీల మధ్య, రాగి కరిగేది 1085. డిస్‌ప్లే యాభై తక్కువ చూపిస్తే రేకు కరిగి క్వార్ట్జ్ పడవకి అతుక్కుపోతుంది, రెండూ పారేయాల్సిందే.

నల్లటి పొడి వచ్చింది, అంతా నానోట్యూబే అనుకోవడం తొలిరోజుల ఆనందం. అందులో ఇనుము ఎంతో తేల్చేది టీజీఏ, అంటే వేడిచేస్తూ బరువు తూచే యంత్రం. గాలిలో 800 దాకా వేడిచేస్తే కార్బన్ అంతా పోయి ఎర్రటి ఐరన్ ఆక్సైడు మిగులుతుంది. దాని బరువుని 0.7తో గుణిస్తే ఇనుము బరువు. ఉత్త హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఉడికిస్తే ఇనుము సగం కూడా పోదు, ఎందుకంటే రేణువుల చుట్టూ గ్రాఫైట్ తొడుగు ఉంటుంది, ఆమ్లం లోపలికి చేరదు. ముందు గాలిలో 400 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచితే తొడుగులు పగులుతాయి, అప్పుడు ఆమ్లం పనిచేస్తుంది. నైట్రిక్ ఆమ్లం ఇంకా బాగా లాగుతుంది కానీ గొట్టాల గోడలకి చిల్లులు పెడుతుంది. రామన్ స్పెక్ట్రంలో (లేజర్ వేసి, చెదిరి వచ్చిన కాంతిని చూసే కొలతలో) 1350 దగ్గర లోపాలని చూపే డి పీకు పెరిగిపోయిందంటే ఆమ్లంలో ఎక్కువసేపు ఉంచారని అర్థం.

తర్వాత వచ్చింది అసలు అడ్డంకి. ఒకే పొర గొట్టాల్లో మూడో వంతు లోహంలా ప్రవర్తిస్తాయి, మిగతావే అర్ధవాహకాలు. గొట్టం ఎలా చుట్టుకుందో చెప్పే రెండు పూర్ణాంకాల తేడా 3తో భాగించబడితే అది లోహపు జాతి. పెరిగేటప్పుడు దీన్ని అదుపుచేయడం కష్టం. ట్రాన్సిస్టరులో పది గొట్టాలుండి వాటిలో ఒక్కటి లోహమైనా గేటు (కరెంటుని ఆపి వదిలే ఎలక్ట్రోడు) వోల్టేజి ఎంత తిప్పినా కరెంటు ఆగదు. 2001లో ఐబీఎం వాళ్ళు ఒక తరుణోపాయం చూపారు: గేటుతో అర్ధవాహకాలని ఆపేసి, ఎక్కువ వోల్టేజి ఇచ్చి లోహపు గొట్టాలని గాలిలో కాల్చేయడం. దానికి కావలసింది వోల్టేజి ఇస్తూ కరెంటు కొలిచే ఒక సోర్స్ మీటరు, ఓపిక. వోల్టేజి మెట్లమెట్లుగా పెంచుతుంటే కరెంటు ఒక్కో గొట్టం కాలినప్పుడల్లా మెట్టు దిగుతుంది. ఒకేసారి పెంచితే మంచివి కూడా పోతాయి. 2006లో హెర్సమ్ బృందం సాంద్రత తేడాతో సెంట్రిఫ్యూజిలో వేరుచేసే పద్ధతి తెచ్చింది. దానికి కావలసిన అల్ట్రాసెంట్రిఫ్యూజి బయోకెమిస్ట్రీ వాళ్ళ దగ్గర ఉంటుంది, వాళ్ళ రోటరులో మన నల్లనీళ్ళు పోయనివ్వడానికి వాళ్ళు ఒప్పుకోరు. ఆ భయం న్యాయమైనదే.

2004లో మాంచెస్టర్ నుంచి గ్రాఫైట్ నుంచి టేపుతో పొరలు ఊడదీసి గ్రాఫీన్ చూపిన గైమ్, నొవొసెలొవ్ పేపరు వచ్చాక స్కాచ్ టేపు ధర మాత్రమే అడ్డు అన్నట్టు అందరూ గ్రాఫీన్ మీద పడ్డారు. వాళ్ళకి నోబెల్ వచ్చింది 2010లో. మన తూర్పు కనుమల ఖోండలైట్ రాయిలోనే గ్రాఫైట్ పలుకులుంటాయి కాబట్టి స్థానిక గ్రాఫైట్‌తోనే చేద్దామన్న ఉత్సాహం కొందరికి కలిగింది. ఆ పలుకులు చిన్నవి, మధ్యలో ఖనిజాలు ఇరుక్కుని ఉంటాయి, టేపుకి లొంగవు. పొరలు పెద్దవిగా ఊడాలంటే పెద్ద రేకుల గ్రాఫైట్ కావాలి.

టేపు పని చూడటానికి పిల్లల ఆటలా ఉన్నా అందులో కిటుకు సిలికాన్ మీది ఆక్సైడు మందంలో ఉంది. 0.335 నానోమీటర్ల పొర మామూలు మైక్రోస్కోపులో కనబడుతుందంటే అది 285 నుంచి 300 నానోమీటర్ల ఆక్సైడు మీద కాంతి వ్యతికరణం చేసే మాయ. 90 నానోమీటర్ల దగ్గర కూడా కనిపిస్తుంది. 200 దగ్గర పొర అక్కడే ఉన్నా కంటికి ఆనదు. వేఫర్ (ఆక్సైడు ఉన్న సిలికాన్ పలక) అమ్మేవాడు "సుమారు 300" అంటే సరిపోదు, రంగు చూసి తీసుకోవాలి. విశాఖలో ఇంకొకటి చేయాలి: టేపు అంటించే ముందు వేఫర్‌ని హాట్‌ప్లేట్ మీద 100 దాటించాలి. తేమ పొర మీద గ్రాఫైట్ సరిగా అతుక్కోదు, టేపు లాగగానే పొర టేపుతోనే వచ్చేస్తుంది.

గ్రాఫీన్ ఆక్సైడుకి హమ్మర్స్ పద్ధతి 1958 నాటిది. ఒక గ్రాము గ్రాఫైట్‌కి అర గ్రాము సోడియం నైట్రేట్, 23 మి.లీ. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, 3 గ్రాముల పొటాషియం పర్మాంగనేట్. పర్మాంగనేట్ కలిపేటప్పుడు ఐసు గిన్నెలో 20 డిగ్రీల లోపు ఉంచాలి. చిటికెడు చిటికెడుగా వేయాలి, ఎందుకంటే గాఢ ఆమ్లంలో అది ఆకుపచ్చ జిడ్డులాంటి మాంగనీస్ హెప్టాక్సైడు అవుతుంది, 55 డిగ్రీలు దాటితే అది పేలుతుంది. ఈ ఒక్క పని మధ్యాహ్నం భోజనం వేళ మొదలుపెట్టకూడదని, ఒంటరిగా చేయకూడదని ల్యాబు గోడ మీద రాసి ఉండేది. నైట్రేట్ నుంచి గోధుమరంగు విషవాయువు వస్తుంది. 2010లో జేమ్స్ టూర్ అనే శాస్త్రవేత్త బృందం నైట్రేట్ తీసేసి సల్ఫ్యూరిక్, ఫాస్ఫారిక్ ఆమ్లాలు 9:1లో వాడే పద్ధతి ఇచ్చాక చాలామంది దానికే మారారు. ఆఖర్న హైడ్రోజన్ పెరాక్సైడు వేస్తే గోధుమరంగు ముద్ద మెరిసే పసుపుకి తిరగాలి. తిరగలేదంటే ఆక్సీకరణ సరిగా అవలేదు.

కడగడమే దీంట్లో సగం జీవితం. కడిగేకొద్దీ ఆమ్లం పోయి రేకులు విడిపోతూ జిగురు అవుతాయి, ఫిల్టరు పేపరు మూసుకుపోతుంది. ఫిల్టరు వదిలేసి సెంట్రిఫ్యూజి పట్టాలి. పోయే నీళ్ళలో బేరియం క్లోరైడు చుక్క వేస్తే తెల్లగా విరగకపోతే సల్ఫేటు పోయిందని లెక్క. ఆరబెట్టేటప్పుడు ఓవెన్‌ని 60 దాటనివ్వకూడదు. ఎండిన గ్రాఫీన్ ఆక్సైడు గడ్డని గబగబా వేడిచేస్తే ఒక్కసారిగా వాయువు వదిలి ఎగిరి ఓవెన్ అంతా మసి అవుతుంది.

2009లో ఆస్టిన్ నుంచి రూఫ్ బృందం రాగిరేకు మీద గ్రాఫీన్ పెంచి చూపించింది. కార్బన్‌కి ఘన రాగిలో కరిగే గుణం బాగా తక్కువ, అందుకే పెరుగుదల ఉపరితలం మీదే జరుగుతుంది, ఒక పొర నిండగానే దాదాపు ఆగిపోతుంది. 25 మైక్రాన్ల రేకు, వెయ్యి డిగ్రీలు, కొంచెం హైడ్రోజన్, మీథేన్, అర టార్ పీడనం. ముందుగా అసిటిక్ ఆమ్లంలో పది నిమిషాలు ముంచి ఆక్సైడు తీయాలి. సముద్రం పక్క ఊళ్ళో రేకు వారం రోజులు బీరువాలో ఉంటేనే రంగు మారుతుంది, డెసికేటర్ (తేమ చేరనివ్వని మూతపాత్ర) తప్పదు. శుద్ధ హైడ్రోజన్ సిలిండరు గదిలో పెట్టడానికి అనుమతులు లేనిచోట ఆర్గాన్‌లో 5 శాతం హైడ్రోజన్ కలిపిన మిశ్రమం కొనేవాళ్ళు. ఫలితం కాస్త తక్కువ, నిద్ర కాస్త ఎక్కువ. తక్కువ పీడనంలో రాగి ఆవిరై గొట్టం చల్లని చివర్లలో ఎర్రటి అద్దంలా పేరుకుంటుంది. దాన్ని పలచని నైట్రిక్ ఆమ్లంతో కడగకపోతే తర్వాతి బ్యాచ్‌లో రాగి పొడి రాలుతుంది.

పెంచడం ఒక రోజు పని, దించడం వారం. రాగి మీద నుంచి సిలికాన్ మీదికి గ్రాఫీన్ మార్చడాన్ని ల్యాబులో ట్రాన్స్‌ఫర్ అంటారు. రేకు మీద అనిసోల్‌లో కరిగించిన 4 శాతం పీఎంఎంఏ (పారదర్శక ప్లాస్టిక్) పోసి నిమిషానికి 4000 చుట్లు తిప్పి పొర వేయాలి. రేకు చదునుగా లేకపోతే స్పిన్నర్ వాక్యూమ్ పట్టదు. గట్టి ప్లాస్టిక్ ముక్క మీద నాలుగు అంచులూ టేపు వేసి తిప్పాలి. రేకు వెనకవైపు కూడా గ్రాఫీన్ పెరిగి ఉంటుందని మరిచిపోతే, రాగి కరిగాక ఆ ముక్కలు పైకి తేలి మన పొర అడుగున అంటుకుంటాయి. ఆ వెనక పొరని తీసేయడానికి ఆక్సిజన్ ప్లాస్మా లేనిచోట పలచని నైట్రిక్ ఆమ్లం మీద వెనకవైపుని రెండు నిమిషాలు తేల్చేవాళ్ళు.

రాగిని కరిగించడానికి మొదట్లో ఫెర్రిక్ క్లోరైడే, సర్క్యూట్ బోర్డుల పనికి ఎలాగూ ఉండేది. అది ఇనుము మచ్చలు మిగులుస్తుంది. అమోనియం పర్‌సల్ఫేట్ శుభ్రం: 100 మి.లీ. నీళ్ళకి 2.3 గ్రాములు, అంటే 0.1 మోలార్. చదరపు సెంటీమీటరు రేకులో ఉండే రాగి 22 మిల్లీగ్రాములే కాబట్టి ఈ ద్రావణం ధారాళంగా సరిపోతుంది. తొందరపడి గాఢత పెంచితే బుడగలు పుట్టి పొర కింద చేరి చింపేస్తాయి. మూడు నాలుగు గంటలకి రాగి పోయి, పలచని పీఎంఎంఏ పొర నీళ్ళ మీద తేలుతుంది. దాన్ని గాజు పలకతో ఎత్తి మూడు గిన్నెల డీఅయనైజ్డ్ నీళ్ళలో మార్చి మార్చి కడగాలి, చివరికి సిలికాన్ ముక్కని ఏటవాలుగా ముంచి పైకి తీయాలి.

ఇక్కడ విశాఖ గాలి అడ్డం వస్తుంది. బెంగళూరు ప్రొటోకాల్‌లో "ఒక గంట ఆరబెట్టండి" అని ఉంటే విశాఖలో అది రాత్రంతా. పొరకీ ఆక్సైడుకీ మధ్య చిక్కిన నీరు కంటికి కనబడదు. ఆరిందనుకుని నేరుగా 150 డిగ్రీల ప్లేటు మీద పెడితే ఆ నీరు మరిగి పొర మధ్యలో బొబ్బలెత్తి చిరుగుతుంది. ముక్కని నిలువుగా ఆనించి నీరు కిందికి జారనిచ్చి, రాత్రంతా వాక్యూమ్ డెసికేటర్‌లో ఉంచి, పొద్దున్న 60 దగ్గర అరగంట, తర్వాత 150 దగ్గర పావుగంట. 150 ఎందుకంటే పీఎంఎంఏ 105 దాటాక మెత్తబడుతుంది, ముడతలు సర్దుకుని గ్రాఫీన్ కిందికి ఆనుతుంది. ఆ తర్వాతే పీఎంఎంఏని కరిగించే అసిటోన్. ఈ రెండు మెట్ల వేడి ఏ పేపరులోనూ చదివింది కాదు, జులై నెల నేర్పింది.

అప్పుడు కొలిస్తే? 300 నానోమీటర్ల ఆక్సైడు మీద ఒక్కో వోల్టు గేటుకి చదరపు సెంటీమీటరుకి 7.2 × 10¹⁰ ఆవేశ వాహకాలు చేరతాయి. శుభ్రమైన గ్రాఫీన్‌కి నిరోధం అత్యధికంగా ఉండాల్సింది సున్నా వోల్టుల దగ్గర. విశాఖలో మామూలు గదిలో కొలిస్తే ఆ శిఖరం 40 వోల్టుల దగ్గరో ఇంకా అవతలో ఉండేది. అంటే నీరూ ఆక్సిజనూ పీఎంఎంఏ మిగులూ కలిసి చదరపు సెంటీమీటరుకి దాదాపు 3 × 10¹² రంధ్రాలని (ధనావేశంలా నడిచే ఎలక్ట్రాన్ ఖాళీలని) అదనంగా ఇచ్చాయన్నమాట. పైగా గేటుని పైకి తిప్పినప్పుడు ఒక చోట, కిందికి తిప్పినప్పుడు ఇంకో చోట శిఖరం వస్తుంది. నానోట్యూబు ట్రాన్సిస్టర్లలో ఈ హిస్టెరెసిస్‌కి కారణం ఆక్సైడు మీద అంటుకున్న నీటి అణువులేనని 2003లో స్టాన్‌ఫర్డ్‌లో దాయ్ బృందం తేల్చింది. అదే చిప్‌ని వాక్యూమ్‌లో 150 దగ్గర కొన్ని గంటలు ఉంచి, వాక్యూమ్‌లోనే కొలిస్తే శిఖరం సున్నా వైపు జరుగుతుంది. వాల్వు తెరిచి గాలి వదలగానే కళ్ళముందే వెనక్కి నడుస్తుంది. ఈ ఒక్క ప్రయోగం చూపిస్తే చాలు, కొత్త స్కాలర్‌కి సగం సిలబస్ అయిపోయినట్టే. జనవరిలో కొలిచిన డివైసూ ఆగస్టులో కొలిచిన డివైసూ ఒకే గ్రాఫులో వేయకూడదని సారు పట్టుపట్టేవారు. గేటు తిప్పే వేగం రాయని గ్రాఫుని ఆయన చదివేవారే కాదు, ఎందుకంటే నెమ్మదిగా తిప్పితే ఒక హిస్టెరెసిస్, వేగంగా తిప్పితే మరొకటి. ఆక్సైడుకి హెచ్‌ఎండీఎస్ పూసి నీటిని అంటనివ్వకుండా చేయడం చవకైన ఉపాయం. బోరాన్ నైట్రైడ్ మీద పెట్టడం ఖరీదైనది, 2010 నుంచి మంచి ల్యాబులన్నీ దాని వైపే వెళ్ళాయి.

మొబిలిటీ (వాహకాలు ఎంత చురుగ్గా కదులుతాయన్నది) లెక్కేసే ముందు గేటు లీకేజీ చూడాలన్నది ఇంకో నియమం. ప్రోబు సూది గట్టిగా నొక్కితే ఆక్సైడు గుచ్చుకుపోతుంది, అప్పుడు కనిపించే "గేటు ప్రభావం" అంతా ఆ రంధ్రంలోంచి పోయే కరెంటే. లీకేజీ నానోఆంపియర్ దాటిన చిప్ పక్కన పెట్టేయాలి.

ల్యాబు నడపడంలో ఎవరూ రాయని పని ఇంకొంత ఉంది. రోటరీ పంపు నూనెలో తేమ చేరితే పాలలా తెల్లబడుతుంది, వాక్యూమ్ పడిపోతుంది. పని ముగిశాక గ్యాస్ బ్యాలస్ట్ (పంపులోకి కొంచెం గాలి రానిచ్చే వాల్వు) తెరిచి అరగంట నడిపిస్తే నీరు బయటికి పోతుంది. తేమ పీల్చే నీలం సిలికా జెల్ గులాబీ రంగుకి తిరిగితే 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు, అంతకంటే బాగా వేడెక్కిస్తే పాడవుతుంది. మైక్రోస్కోపు లెన్సులకి బూజు పట్టకుండా బీరువాలో 40 వాట్ల బల్బు రాత్రీ పగలూ వెలిగేది. ఎల్ఈడీలు వచ్చాక వేడినిచ్చే బల్బు వెతుక్కోవాల్సి వచ్చింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నగరం రోజుల తరబడి కరెంటు లేకుండా ఉంది. కిటికీ దగ్గర పెట్టిన పరికరాల కనెక్టర్లకి పచ్చటి చిలుము పట్టింది, డెసికేటర్లలో ఉన్న చిప్‌లు మాత్రం బతికాయి. ఆ తర్వాత సముద్రం వైపు గోడకి ఏ పరికరమూ ఆనించలేదు.

ఎలక్ట్రాన్ బీమ్ లితోగ్రఫీ (ఎలక్ట్రాన్ పుంజంతో చిప్ మీద అతిసన్నని గీతలు గీయడం) కావాలంటే విశాఖలో దారి ఉండేది కాదు. ఐఎన్‌యూపీ అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద బెంగళూరు ఐఐఎస్‌సీ, ఐఐటీ బాంబే క్లీన్‌రూములు బయటి పరిశోధకులకి తెరిచారు. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో బెంగళూరుకి చిప్‌లు తీసుకెళ్ళేటప్పుడు నైట్రోజన్ నింపి మూతకి పారాఫిల్మ్ చుట్టిన పెట్టెలో సిలికా జెల్ పొట్లంతో పెట్టాలి. పొట్లం నుంచి దుమ్ము రాలుతుంది కాబట్టి పలచని గుడ్డలో కట్టాలి. చిప్ మూలన వజ్రపు సూదితో గుర్తు గీయకపోతే అక్కడికి వెళ్ళాక ఏది పైవైపో తెలియదు, పారదర్శక పొరకి ముఖమేది వీపేది!

పోరాడి పోరాడి చివరికి ఆ తేమనే కొలుద్దామన్నది సారు ఆఖరి పదేళ్ళ మలుపు. గ్రాఫీన్‌కి బ్యాండ్ గ్యాప్ (కరెంటుని పూర్తిగా ఆపనిచ్చే శక్తి ఖాళీ) లేదు, ట్రాన్సిస్టరు పూర్తిగా ఆగదు, సిలికాన్‌ని కదిలించలేదని అప్పటికే తేలిపోయింది. గ్రాఫీన్ ఆక్సైడు మాత్రం నీటిని పీల్చుకుంటే నిరోధం ఎన్నో రెట్లు పడిపోతుంది. దువ్వెన పళ్ళలా ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుని ఉండే ఎలక్ట్రోడ్ల మీద మి.లీ.కి 2 మిల్లీగ్రాముల ద్రావణం 10 మైక్రోలీటర్ల చుక్క వేసి గదిలోనే ఆరనిస్తే సెన్సరు తయారు. ఎలక్ట్రోడ్లకి బంగారు పూత ఉండాలి, ఉత్త రాగి అయితే గ్రాఫీన్ ఆక్సైడు ఆమ్లగుణానికి తినుకుపోతుంది. కొలవడానికి డీసీ వాడకూడదు. చెమ్మలో డీసీ ఇస్తే అయాన్లు ఒక వైపు చేరి రీడింగు జారుతూ పోతుంది, పదార్థమే క్రమంగా మారిపోతుంది. ఒక వోల్టు, ఒక కిలోహెర్ట్జ్ ఏసీ సరిపోతుంది.

క్యాలిబ్రేషన్‌కి ఖరీదైన ఛాంబర్ అక్కర్లేదు, ఉప్పులు చాలు. సంతృప్త ఉప్పు ద్రావణం మీద మూసిన సీసాలో గాలి తేమ ఒక స్థిరమైన అంకె దగ్గర ఆగుతుంది. 25 డిగ్రీల దగ్గర లిథియం క్లోరైడుకి 11 శాతం, మెగ్నీషియం క్లోరైడుకి 33, మామూలు ఉప్పుకి 75, పొటాషియం క్లోరైడుకి 84, పొటాషియం సల్ఫేటుకి 97. సీసా అడుగున కరగని ఉప్పు కనిపిస్తూ ఉండాలి, లేకపోతే ద్రావణం సంతృప్తం కాదు. సెన్సరు నీటికి తగలకుండా వేలాడదీసి, మూత బిగించి, గంట ఆగాలి. వంటింటి ఉప్పు పనికిరాదు. అందులో గడ్డకట్టకుండా కలిపే పదార్థాలు, మెగ్నీషియం లవణాల మిగుళ్ళు అంకెని కిందికి లాగుతాయి. విశాఖలో వానాకాలం ఉప్పు డబ్బా చెమ్మగిల్లడానికి కారణం కూడా ఈ 75 అంకే: గాలి తేమ అది దాటితే ఉప్పు నీటిని పీల్చుకుని కరగడం మొదలుపెడుతుంది.

ఈలోగా బయట ప్రపంచంలో 2013లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 178 నానోట్యూబు ట్రాన్సిస్టర్లతో కంప్యూటరు చేశారు, 2019లో ఎంఐటీ వాళ్ళు 14,000 పైచిలుకు ట్రాన్సిస్టర్లతో 16 బిట్ల ప్రాసెసరు చేశారు. 2024లో జార్జియా టెక్ నుంచి డి హీర్ బృందం సిలికాన్ కార్బైడు మీద 0.6 ఎలక్ట్రాన్ వోల్టుల గ్యాప్ ఉన్న గ్రాఫీన్ ప్రకటించింది. నానోట్యూబులు టన్నుల లెక్కన చేరింది మాత్రం లిథియం బ్యాటరీల ఎలక్ట్రోడ్ల మసిలోకి. కర్పూరంతో మొదలుపెట్టిన వాళ్ళకి ఈ చివరి కబురు పెద్ద ఆశ్చర్యమేమీ కాదు.

ఇప్పుడు రాగిరేకు మీద గ్రాఫీన్ ఆర్డరిస్తే ప్యాకెట్లో వస్తుంది. అది విప్పేవాళ్ళు ముందు రామన్ తీయించుకోండి. 532 నానోమీటర్ల లేజర్‌కి 1580 దగ్గరి జీ పీకు కంటే 2680 దగ్గరి టూడీ పీకు రెట్టింపుకి మించి, సన్నగా ఒంటి శిఖరంలా ఉండాలి; 1350 దగ్గర దాదాపు ఏమీ ఉండకూడదు. రాగి మీద నేరుగా తీస్తే రాగి వెలుగే వెనక గుట్టలా వస్తుంది కాబట్టి ఒక మూల ముక్క ఆక్సైడు మీదికి దించి తీయాలి. మిగిలిన రేకుని ఆ ప్యాకెట్లోనే వదిలేయకుండా వాక్యూమ్ డెసికేటర్‌కి మార్చి, మూత మీద తేదీతో పాటు ఆ రోజు గది తేమ శాతం కూడా రాయండి.